నీటికి నీరే బరువు

పడవమీద బ్రదుకు సాగించినవారందఱును బరువునకు వెఱతురు. సరుకు హెచ్చిన నావ మునుగుననియు, తేలికయైన నావ త్వరగా దరి జేరుననియు గోదావరిమీది సరంగు మొదలుకొని ఎవ్వరిని అడిగినను చెప్పుదురు. అట్టిది, టెక్సాసు రాష్ట్రమున ఆస్టిన్ నగరమునకు పడమరగా, సున్నపురాతి కొండల నడుమ వంకరలు తిరిగిన ట్రావిస్ సరస్సుమీద, వేసవి శనివారములలో ప్రొద్దు పొడువకముందే బయలుదేఱు మావంటివారు తమ బోటులోనికి తామే పంపు పెట్టి నీరు తోడుకొని, దాని అంచు నీటిమట్టమునకు దగ్గఱపడువఱకు నింపుకొనుట చూచి, మన దేశమునుండి వచ్చిన బంధువులు ఒక్కటే ప్రశ్న వేయుదురు: “ఇదేమిటయ్యా, చెరువులో ఉన్న నీళ్ళు చాలక పడవలో కూడా నీళ్ళు పోసుకుంటారా?” ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి ఒడ్డున నిలువబడి ఒక్క మాటలో చెప్పు సమాధానము ఎవ్వరిని తృప్తిపఱుపలేదు గనుక, సావకాశముగా ఇచట చెప్పుచున్నాను.

వేక్‌బోర్డింగు అను క్రీడయందు ఆటగాడు రెండు పాదములను బూట్లవంటి బంధములలో బిగించి, ఒక పలకమీద ప్రక్కవాటుగా నిలిచి, బోటునకు కట్టిన 65 మొదలు 75 అడుగుల త్రాటి పిడిని పట్టుకొని, గంటకు 20, 22 మైళ్ళ వేగమున దాని వెంట సాగును. బోటు నీటిని చీల్చుకొని పోవునపుడు దాని వెనుక రెండు అలలు ఇరుప్రక్కలకు విచ్చుకొనుచు పోవును. ఆ అలలకే ఇచటివారు వేక్ అని పేరు పెట్టిరి. ఆటగాడు ఒక అలకు వెలుపల దూరముగా పోయి, పలక అంచును నీటిలో నొక్కి మరలి వేగముగా వచ్చి, అల శిఖరమున మోకాళ్ళను చాచి గాలిలోనికి లేచి, నడుమనున్న తెల్లని నుఱుగును దాటి, ఆవలి అల వెలుపలి వాలుమీద దిగవలయును. అల పొట్టిదైనచో ఎంతటి నేర్పరియైనను లేవలేడు; అల పొడుగైనను కొన నుఱుగై విఱిగినచో పలక పట్టు తప్పును. కావున ఈ ఆటలో సగము నేర్పు త్రాటికి ఆ చివర నున్నవానిది, సగము బోటు నడుపువానిది. ఆ రెండవ సగములో ముఖ్యభాగము బరువు సర్దుటయే.

నీటిమీది ఆటలలో అల కావలెనను ఈ కోరిక క్రొత్తది. 1922లో మిన్నెసోటా రాష్ట్రపు పెపిన్ సరస్సుమీద రాల్ఫ్ శామ్యూల్‌సన్ అను యువకుడు కాళ్ళకు పలకలు కట్టుకొని పడవ వెంట జాఱిననాటినుండి, వాటర్ స్కీయింగు ఆడువారు కోరినది చదునైన నీటినే. బోట్లు కట్టువారును అల లేవకుండునట్లు బోటు అడుగును మలచుటకే పాటుపడిరి. 1985లో శాన్ డియాగో వాసియైన టోనీ ఫిన్ స్కర్ఫర్ అను పలకను తెచ్చిన పిదప ఈ దృష్టి తలక్రిందులయ్యెను. అల వద్దని కట్టిన బోట్లలో అల కావలెనని కోరిన ఆ తరమువారు ఇసుకమూటలు, నీటి సంచులు, స్నేహితులు, దొరికినదెల్ల ఎక్కించిరి. నేటి బోట్లలో అడుగుననే తొట్లు అమర్చియుండుటయు, త్రాటిని ఎత్తున కట్టుటకు లోహపు కమ్మీల గోపురము నిలిపియుండుటయు ఆ తరువాతి మాట.

బరువుతో అల పెరుగుటకు ఆర్కిమెడీసు సూత్రమే మూలము. తేలు వస్తువు తన బరువునకు సరియైన బరువుగల నీటిని ప్రక్కకు నెట్టును. మా బోటు 21 అడుగులది. ఖాళీగా నాలుగువేల పౌండ్లకు అటునిటుగా తూగును. గాలను నీరు 8.34 పౌండ్లు గనుక, దానికి రెండువేల పౌండ్లు చేర్చితిమన్నచో అది మఱి 240 గాలన్ల నీటిని తానున్నచోటినుండి తొలగింపవలసివచ్చును. తేలికయైన బోటు వేగము పుంజుకొన్నంతనే నీటిపైకి ఎక్కి, ఉపరితలముమీద జాఱిపోవును. అప్పుడు దాని అల చిన్నదగును. బరువు దానిని అట్లు ఎక్కనీయక, అదే వేగమున నీటిని లోతుగా దున్నించును. అట్లు త్రవ్వబడిన గుంటలోనికి నీరు మరల వచ్చి కలియునపుడు లేచునదే మేము కోరు అల.

తొట్లు చాలనివారు సంచులు కొందురు. మందమైన నల్లని వినైలు బట్టతో చేసిన ఈ సంచులను సీట్ల క్రింది అఱలలోను, ఇంజనునకు ఇరుప్రక్కలను పఱచి, గొట్టములు తగిలించి నింపుదురు. 750 పౌండ్ల సంచి యనగా 90 గాలన్లు, మన లెక్కలో 340 లీటర్ల నీరు. గంటకు 800 గాలన్లు తోడునని పంపుమీద వ్రాసియుండును. ఆ చొప్పున ఏడు నిమిషములలో నిండవలెను గాని, గొట్టము వంపులును ఎత్తును కలిసి పది నిమిషములకు తక్కువ పట్టదు. సీటు మూత ఎత్తి చూచితిమా, మొదట సంచి అడుగున ముడుతలు ఒక్కొక్కటిగా విడిపోవును. సగమునకు వచ్చుసరికి లోపలి చల్లని నీటివలన దాని వెలుపలి భాగము చెమర్చును. నిండవచ్చు వేళకు పంపు ధ్వని బొంగురుపోవును, పైనున్న పలక అంగుళము మేర లేచును. అప్పుడు బిరడా వదులుచేసి, ఒక మూలనుండి అఱచేతితో నొక్కుచు, లోపల చిక్కిన గాలిని బుసబుసమని వెళ్ళగొట్టవలయును. గాలి మిగిలిన సంచి నిండినట్లు కనబడునే గాని నిండినది కాదు. ఈ పని మా అబ్బాయిది. వాడు సంచిని వ్రేళ్ళతో తట్టి, గాలి యెచట దాగియున్నదో ధ్వనిబట్టి చెప్పగలడు. చదువునందు ఇంత ఓపిక చూపని పిల్లవాడు ఈ పనియందు చూపు శ్రద్ధను చూచుట నాకు మిక్కిలి ఇష్టము.

ఎంత నింపితిమి అనుదానికన్న ఎచట నింపితిమి అనునదియే ప్రధానమని నా నిశ్చితాభిప్రాయము. క్రొత్తగా బోటు కొన్నవారు ఇది నమ్మరు. అల చాలలేదన్న తోడనే మఱియొక సంచి కొనుటకు పోవుదురు. బరువంతయు వెనుకనే పెట్టినచో అల నిటారుగా, ఎత్తుగా లేచును. చూచుటకు గొప్పగా నుండును గాని దాని వాలు పొట్టిది, కొన త్వరగా విఱుగును, ఆటగాడు పైకి విసరబడునే గాని ఆవలి అలవఱకు పోలేడు. పైగా బోటు ముక్కు ఆకాశమునకు లేచి, నడుపువానికి ఎదుటి నీరు కనబడదు. అందులో కొంత ముందునకు తెచ్చినచో ఎత్తు ఒకింత తగ్గినను వాలు సాగును, మెత్తబడును, కొన గట్టిపడును. కావడి మోయువాడు వెనుక కుండ బరువు తెలిసికొని ముందు కుండను సరిచేసికొన్నట్లు, మేమును వెనుక తొట్లు నిండిన తరువాత ముందు సంచిని కొంచెము కొంచెముగా నింపి, ఒక్కసారి అల చూచి, మరల నింపి చూతుము. మా బోటునకు వెనుక మూడు పాళ్ళు, ముందు రెండు పాళ్ళు కుదిరినవి. వేఱొక బోటునకు ఇది కుదురకపోవచ్చును, ఏలయన ఇంజను నడుమ నున్న బోటు వేఱు, వెనుక నున్న బోటు వేఱు.

ముందువెనుకలవలెనే కుడియెడమలును. నడుపువాడు కుడిప్రక్కన కూర్చుండును గనుక బోటు సహజముగనే అటు మొగ్గును. ఎడమ అల కొన తెల్లగా విఱిగి చెదరుచున్నదన్నచో ఎడమప్రక్కకు బరువు చాలలేదని అర్థము. ఒక్క మనిషి కుడి సీటునుండి ఎడమ సీటునకు మాఱినను వెనుక నీటిలో ఆ తేడా కనబడును. అందుచేత మా బోటులో కూర్చున్న ప్రతివారును, తెలిసినను తెలియకున్నను, ఆటలో పాలుగొన్నవారే. “నాన్నా, ఎడమవైపు విరిగిపోతోంది, పిన్నిని కాస్త ఇటు జరగమను” అని మా వాడు నీటిలోనుండి కేక వేయును, ఆమె జరుగును, అల కుదురును.

ఈ విషయమున నాకు జ్ఞానోదయము కలిగించినవారు మా మేనమామగారు. ఆయన విశాఖపట్నమున హిందూస్థాన్ షిప్‌యార్డులో చిరకాలము పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. 1948లో నెహ్రూ చేతులమీదుగా ‘జల ఉష’ నీట దిగినది ఆ యార్డునుండియే. మామయ్య ఉద్యోగమున చేరుట ఎంతో తరువాత జరిగినను, ఆ ఓడ మాట వచ్చినపుడు తానే కట్టినట్లు కన్నులు మెఱయ చెప్పెడివారు. గత వేసవిలో మా యింటికి వచ్చినపుడు ఆయనను రేవునకు తీసికొనిపోతిని. ఆయన వెంటనే బోటు ఎక్కలేదు. ముందు గట్టుమీద నిలిచి, వంగి, ఈ కొననుండి ఆ కొనవఱకు దాని ప్రక్కలను పరీక్షించి, “గీత ఏదిరా?” అని అడిగిరి.

ఓడల ప్రక్కన వృత్తమును, దానిని ఖండించు అడ్డగీతయు చిత్రించియుండుట రేవుపట్టణములవారు చూచియే యుందురు. అత్యాశతో ఓడలను మితిమీఱి నింపి నావికులను మృత్యుముఖమునకు పంపు యజమానులమీద శామ్యూల్ ప్లిమ్‌సోల్ బ్రిటిషు పార్లమెంటులో పోరాడి, 1876లో చట్టముగా చేయించిన గీత అది. ఆ గీత మునుగునట్లు బరువు ఎక్కింపరాదు. మా బోటునకు అట్టి గీత లేదు. లోపల చిన్న లోహపు పలక మాత్రము ఉన్నది. దానిమీద ఎంతమంది ఎక్కవచ్చునో, మొత్తము ఎన్ని పౌండ్లు మోయునో వ్రాసియున్నది. 20 అడుగులకు లోపు బోట్లకు ఈ దేశపు చట్టమే అట్టి పలకను విధించినది. మాది అంతకు మించినదైనను తయారుచేసినవారు అతికించియే ఇచ్చిరి. మామయ్య ఆ అంకెలను సులోచనములు పెట్టుకొని చదివి, సంచుల లెక్క అడిగి, మనుషుల లెక్క కట్టి, కూడిక నోటితోనే చేసి, అప్పుడు బోటులో అడుగుపెట్టిరి. ఆనాటినుండి మా యింట ఆ కూడిక చేయక ఎవ్వరును త్రాడు విప్పరు.

“బరువు లేని ఓడ మంచిదని ఎవరు చెప్పార్రా నీకు? ఖాళీ ఓడ సముద్రంలో నిలబడదు. సరుకు దింపితే తొట్లలో నీళ్ళు ఎక్కించి పంపేవాళ్ళం” అని మామయ్య అనిరి. తరువాత మా ముందు సంచి సగమే నింపియుండుట చూచి ముఖము ముడుచుకొనిరి. “సగం నీళ్ళు చాలా చెడ్డవి. నువ్వు మలుపు తిప్పావనుకో, ఆ నీళ్ళన్నీ ఒక పక్కకి పోతాయి. పోయి పడవను ఇంకా వంచుతాయి. వంగిన కొద్దీ ఇంకా పోతాయి. నింపితే నిండా నింపు, లేకపోతే వట్టిగా ఉంచు.” పెద్ద ఓడల తొట్లలో అడ్డుగోడలు కట్టుట ఈ దొర్లుడు నాపుటకేనని, తరువాత ఇంట గదిలో కూర్చుండి కాగితముమీద బొమ్మ గీసి మా వానికి బోధించిరి. కొంచెము కొంచెముగా నింపి చూచుట మేము మానలేదు గాని, అల కుదిరిన తూకము తెలిసిన తరువాత, అంతకు సరిపోవు చిన్న సంచిని తెచ్చి నిండుగా నింపుచున్నాము.

మా మిత్రుడొకడు నీటికి బదులు సీసపు గుండ్లు నింపిన 50 పౌండ్ల మూటలు వాడును. సీసము నీటికంటె పదునొకండు రెట్లు బరువు గనుక చోటు పట్టదు, దొర్లదు, పంపు అక్కఱలేదు. ఈ సుఖములన్నియు నిజమే. మామయ్య అంతయు విని, “పడవలోకి నీళ్ళొస్తే?” అని మాత్రము అడిగిరి. బోటు నీట మునిగినచో సంచిలోని నీరు చుట్టునున్న నీటితో సమానమై, దానిని క్రిందికి లాగదు. సీసము అడుగునకు చేరువఱకు లాగుచునే యుండును. ఇంత సులభమైన సంగతి నాతో అంతవఱకు ఎవ్వరును చెప్పలేదు. మితముగా వాడు సీసమును నేను నిందింపను. మా బోటులోనికి మాత్రము రానీయను.

ఆనాడు ఆయన లైఫ్ జాకెట్టు తొడుగుకొని, “ముందు బరువు తక్కువైందంటున్నావు గదా, నేను కూర్చుంటా” అని ముక్కువైపు సీటులో, వెనుకకు తిరిగి కూర్చుండిరి. మా వాడు ఆ ఉదయమున ఒక అలనుండి రెండవ అలకు తేలికగా దాటెను. మేమందఱము చప్పట్లు కొట్టుచుండగా, మామయ్య చూపు పిల్లవానిమీద గాక నీటిమీదనే యుండెను. “అల శుభ్రంగా ఉందిరా” అనిరి. ఓడలు కట్టినవారి నోట ఆ మాట వచ్చుట నాకు పెద్ద మెప్పు.

బరువునకు వెల యున్నది. నిండిన బోటు నీటిపైకి లేచుటకు ఇంజను మూలుగును, పెట్రోలు హెచ్చుగా త్రాగును. అట్టి బోటునకు ప్రొపెల్లరు ఱెక్కల వాలు తగ్గించి మార్చనిచో ఇంజనునకే చేటు. వేగము తగ్గించునపుడు జాగరూకత మఱింత అవసరము: ముక్కు బరువెక్కిన బోటును చటుక్కున ఆపి వెనుకకు త్రిప్పినచో, తాను లేపిన అలయే ముందునుండి లోనికి పొర్లును. పడిన ఆటగాని కొఱకు మరలునపుడు ఇంజనును పూర్తిగా నెమ్మదింపజేసి, అలలు దాటిపోనిచ్చి, మెల్లగా తిరుగవలయును.

ఇంతవఱకు చెప్పినది బోటు లోపలి సంగతి. అల బోటుతో ఆగునది కాదు. అలయొక్క శక్తి దాని ఎత్తు వర్గమును అనుసరించి పెరుగును. ఎత్తు రెట్టింపైనచో శక్తి నాలుగింతలగును. త్రాడు వదలి, గంటకు 10, 11 మైళ్ళ వేగమున బోటు వెనుక అలమీదనే సాగు వేక్‌సర్ఫింగు ప్రబలిన తరువాత, బరువు మఱింత హెచ్చినది, అలయు హెచ్చినది. మిన్నెసోటా విశ్వవిద్యాలయపు సెయింట్ ఆంథొనీ ఫాల్స్ ప్రయోగశాలవారు నాలుగు బోట్లను సరస్సుమీద నడిపి కొలిచి 2022లో ప్రకటించిన ఫలితములను నేను శ్రద్ధగా చదివితిని: సాధారణమైన బోటు అల 200 అడుగుల దూరమున ఎంత యుండునో, అంతకు తగ్గుటకు సర్ఫింగు బోటు అలకు 500 అడుగులకు మించిన దూరము కావలసివచ్చెను. వెర్మాంటు రాష్ట్రము 2024లో ఇట్టి ఆటలను ఒడ్డునకు 500 అడుగుల లోపల నిషేధించి, నీటి లోతు 20 అడుగులైనను ఉండవలెనని నియమించినది.

మా సరస్సుమీద బోట్ల యజమానులు కొందఱు ఇట్టి నియమములను తమ స్వేచ్ఛకు భంగమని తలంతురు. నేను వారితో ఏకీభవింపను. ట్రావిస్ నీటిమట్టము వానలనుబట్టి పదులకొలది అడుగులు ఎక్కుచు దిగుచు నుండును గనుక, ఇచటి రేవులు గట్టున పాతినవి గావు, ఇనుప త్రాళ్ళతో కట్టిన తేలుడు తెప్పలు. మా వాడకు ఎదుట వృద్ధదంపతులకు అట్టి తెప్ప యున్నది. ఉదయమున ఆమె చిన్న కయాకులోనికి దిగునపుడు ఆయన దానిని రెండుచేతులతో అదిమి పట్టుకొనును. ఒక పెద్ద అల వచ్చెనా, తెప్ప లేచి పడును, త్రాళ్ళు కీచుమనును, ఆమె దిగుట మాని కూర్చుండును. అల లేపినవాడు అప్పటికి మలుపు దాటిపోయియుండును. తాను చేసినదానిని చూడనైన చూడడు. అందుచేత మేము సరస్సు వెడల్పైన చోటికి, లోతైన నడిమి భాగమునకు పోయియే తొట్లు నింపుదుము. ఇరుకు వంకలలో నింపము. బరువు సరిగా సర్దిన బోటునకు తక్కువ బరువే చాలును గనుక, నిరుడు వాడిన సంచులలో ఒకదానిని తీసివేసితిమి. మా వాని ఎగురుట ఏమియు తగ్గలేదు.

మఱియొక బాధ్యత కంటికి కనబడనిది. జీబ్రా మసెల్ అను చారల ఆల్చిప్ప కాస్పియన్, నల్లసముద్ర ప్రాంతములది. అది ఓడల తొట్లలోని నీటితో అమెరికాకు చేరి, 1988లో సెయింట్ క్లేర్ సరస్సున బయటపడినది. టెక్సాసులో 2009లో టెక్సోమా సరస్సున, 2017లో మా ట్రావిస్ సరస్సున కనబడినది. దాని పిల్లలు సూక్ష్మదర్శినికి గాని అందనంత చిన్నవి. పెరిగి నీటి గొట్టముల లోపల పొరలు పొరలుగా అంటుకొని వానిని మూసివేయును, పడవల అడుగులను కప్పును, రాళ్ళమీద పెరిగి చెప్పులు లేని పాదములను కోయును. సముద్రపు ఓడలు ఖండములు దాటించిన ఆ ప్రాణిని, ఒక సరస్సునుండి వేఱొక సరస్సునకు మోయుటకు మా సంచిలో మిగిలిన గుక్కెడు నీరు చాలును. అందుచేతనే 2014 జూలై 1 నుండి ఈ రాష్ట్రమంతటను, నీటినుండి బయటికి వచ్చిన బోటులోని నీరంతయు తీసివేయవలెనని నియమము పెట్టిరి.

పంపు నీరంతయు తోడదు. అడుగున కొంత మిగిలియే యుండును. కావున మేము రేవునుండి కదలకముందే సంచులను వెలికి తీసి, సిమెంటుమీద పఱచి, ఒక కొననుండి ఇద్దఱము చుట్టుకొనుచు పోయి, ముడుతలలో దాగిన నీటిని బిరడా గుండ పిండుదుము. కట్టుడు తొట్లు తెఱచి, గొట్టములు విప్పి ఆరనిత్తుము. వేఱొక సరస్సునకు పోవలసివచ్చినచో వారము దినములకు తక్కువ కాకుండ ఎండనిచ్చిన తరువాతనే పోదుము. సంచిమీద తెల్లని మార్కరుతో ఆరవేసిన తేదీ వ్రాయుట మా అబ్బాయి పని. ఆ తేదీ చూడక సంచిని ట్రక్కులో ఎక్కించుటకు వానికి గాని నాకు గాని అధికారము లేదు.